మూడేళ్ల ఆదివారాలు... ఒక్క లెక్క!

అదో 21 అంకెల సంఖ్య. ఇది ప్రధాన సంఖ్యేనని 1644లో ఓ ఫ్రెంచి సన్యాసి రాసిపెట్టాడు. కాదని 1876లో తేలింది. మరి దేంతో దేన్ని గుణిస్తే ఆ సంఖ్య వస్తుంది? ఆ జవాబు కోసం లోకం మరో 27 ఏళ్లు ఆగాల్సొచ్చింది.

1903 అక్టోబరు 31, శనివారం. న్యూయార్క్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశం జరుగుతోంది. పెద్ద సంఖ్యల కారణాంకాల మీద ప్రసంగించాల్సిందిగా కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఫ్రాంక్ నెల్సన్ కోల్‌ను పిలిచారు. ఆయన లేచి నల్లబల్ల దగ్గరికి నడిచారు. సభకు నమస్కారం లేదు, ఉపోద్ఘాతం లేదు. సుద్దముక్క తీసుకుని 2ను 2తో, వచ్చినదాన్ని మళ్లీ 2తో... అలా మొత్తం 67 రెండ్లను హెచ్చవేశారు. వచ్చినదాంట్లోంచి 1 తీసేశారు.

14,75,73,95,25,89,67,64,12,927

తర్వాత బల్ల మీద ఖాళీగా ఉన్న చోటుకు జరిగి రెండు సంఖ్యలు రాశారు. 19,37,07,721 ఒకటి. 7,61,83,82,57,287 రెండోది. చిన్నప్పుడు బడిలో మనం చేసినట్టే ఒకదాని కింద ఒకటి వరసలు వేసుకుంటూ ఆ రెంటినీ గుణించారు. చివర్లో గీత గీసి కూడారు. ఆ జవాబు మొదట వచ్చిన సంఖ్యతో అంకె పొల్లుపోకుండా సరిపోయింది. కోల్ సుద్దముక్క పెట్టేసి తన కుర్చీలో కూర్చున్నారు. అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. సభ మొత్తం చప్పట్లతో మార్మోగింది. ప్రశ్నలు అడిగినవాళ్లు లేరు!

ఈ కథను మనదాకా తెచ్చింది ఎరిక్ టెంపుల్ బెల్ అనే గణిత శాస్త్రవేత్త. కొన్నేళ్లకు, 1911లో, దీన్ని ఛేదించడానికి ఎంతకాలం పట్టిందని బెల్ అడిగితే, మూడేళ్లలో వచ్చిన ఆదివారాలన్నీ దీనికే పోయాయని కోల్ చెప్పారట. బెల్ మంచి కథకుడు. కథకు కాస్త ఉప్పూ కారం అద్దే అలవాటున్నవాడని గణిత చరిత్రకారులు అంటుంటారు. కాబట్టి ఆ మౌనమూ, ఆ చప్పట్లూ ఎంతవరకు నిజమో ఆయనకే వదిలేద్దాం. ఆ సమావేశం మాత్రం నిజం. ఆ ఏడాదే అచ్చయిన కోల్ వ్యాసమూ నిజమే. అన్నిటికన్నా ఆ గుణకారం నిజం. కావాలంటే ఈ ఆదివారం మీరే కాగితమ్మీద చేసి చూసుకోవచ్చు!

చదరంగానికి మూడు గళ్లు కలిపితే...

ఇంతకీ ఎక్కడిదీ సంఖ్య? చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని ధాన్యం అడిగిన కథ మనకు తెలిసిందే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా 64 గళ్లకూ రెట్టిస్తూ పొమ్మన్నాడు. రాజ్యంలో గాదెలన్నీ ఊడ్చినా చాలలేదు. ఆ మొత్తం గింజలెన్నో తెలుగువాళ్లు ఏనాడో పద్యంలో బిగించి పెట్టుకున్నారు. పదకొండో శతాబ్ది కవిగా చెప్పే పావులూరి మల్లన... మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేసినవాడు... ఆయన పేరుతోనే ఆ పద్యం ప్రచారంలో ఉంది. అందులో అంకెలుండవు. చంద్రుడంటే 1, వేదాలంటే 4, మన్మథుడి బాణాలంటే 5, ఆకాశమంటే సున్నా. భూతసంఖ్యలంటారు వీటిని. ఆ మాటల్ని అంకెలుగా మార్చి, చివర్నుంచి మొదటికి రాసుకుంటే 1,84,46,74,40,73,70,95,51,615 వస్తుంది. ఇరవై అంకెలు, పద్యంలో ఇమిడిపోయాయి!

ఇప్పుడు ఆ చదరంగం బల్లకు మరో మూడు గళ్లు అతికించామనుకోండి. మొత్తం 67 గళ్లు. వాటన్నిటిలోని గింజలూ కలిపితే వచ్చేదే కోల్ బల్ల మీద రాసిన సంఖ్య. మూడే మూడు గళ్లు పెరిగాయి... మొత్తం మాత్రం ఎనిమిది రెట్లకు చేరింది. మన లెక్కల్లో చెప్పాలంటే దాదాపు 14 లక్షల 75 వేల కోట్ల కోట్లు. సెకనుకో గింజ చొప్పున లెక్కపెడుతూ కూర్చుంటే నాలుగున్నర లక్షల కోట్ల సంవత్సరాలు దాటుతుంది. మన విశ్వం పుట్టి 1,380 కోట్ల ఏళ్లేనంటున్నారు. అంటే ఆ వయసుకు మూడొందల రెట్ల పైమాట!

లెక్కల పుస్తకాల్లో దీన్ని 2⁶⁷ – 1 అని రాస్తారు. మనమూ అలాగే రాసుకుందాం.

సన్యాసి గారి జాబితా

ప్రధాన సంఖ్య అంటే తెలుసుగా! 1తోనూ తనతోనూ తప్ప దేంతోనూ భాగం పోనిది. 2, 3, 5, 7, 11, 13... ఇలా. సంఖ్యలన్నిటికీ ఇవే ఇటుకలు. ఏ సంఖ్య తీసుకున్నా అది ప్రధానమైనా అవుతుంది, లేదంటే కొన్ని ప్రధాన సంఖ్యల గుణకారమైనా అవుతుంది. చిన్నప్పుడు క.సా.గు. కోసం మెట్లు మెట్లుగా గీతలు గీసుకుని ఎడమ పక్కన 2, 2, 3, 5 అని రాసుకుంటూ దిగేవాళ్లం గుర్తుందా... ఆ పనే. మనకిచ్చే సంఖ్యలు 48, 60, 72 లాంటివి కాబట్టి అక్కడ ఎవరికీ మూడేళ్లు పట్టేది కాదు!

2ను కొన్నిసార్లు హెచ్చవేసి 1 తీసేస్తే ప్రధాన సంఖ్య వస్తుందా? ఒక్కోసారి వస్తుంది. 4లోంచి 1 తీస్తే 3. 8లోంచి తీస్తే 7. 32లోంచి తీస్తే 31. అన్నీ ప్రధానాలే. 16లోంచి తీస్తే మాత్రం 15 వచ్చి కూర్చుంటుంది. ఎన్ని రెండ్లు హెచ్చవేశామో ఆ లెక్క కూడా ప్రధాన సంఖ్య కాకపోతే ఫలితం ప్రధానం అయ్యే అవకాశమే లేదు. అయితే అది ప్రధానమైనంత మాత్రాన ఫలితం ప్రధానం అవుతుందన్న హామీ కూడా లేదు. 11 రెండ్లు హెచ్చవేసి 1 తీస్తే 2047. చూడ్డానికి బుద్ధిగానే ఉంటుంది కానీ 23ను 89తో గుణిస్తే అదే వస్తుంది. ఇక్కడే మొదలైంది తలనొప్పంతా.

ఈ సంఖ్యల మీద అంత మోజెందుకంటే... దాని వెనక ఇంకో పాత మోజుంది. 6ను భాగించే చిన్న సంఖ్యలు 1, 2, 3. కలిపితే మళ్లీ 6. 28ని భాగించేవి 1, 2, 4, 7, 14. కలిపితే 28. ఇలాంటివాటిని పరిపూర్ణ సంఖ్యలన్నారు గ్రీకులు. 2 ఘాతం నుంచి 1 తీసేస్తే ప్రధాన సంఖ్య వచ్చిన ప్రతిసారీ దాన్నుంచి ఓ పరిపూర్ణ సంఖ్య తయారు చేయొచ్చని యూక్లిడ్ ఎప్పుడో నిరూపించాడు. 3 నుంచి 6, 7 నుంచి 28, 31 నుంచి 496. కాబట్టి ఈ రకం ప్రధాన సంఖ్య ఒకటి దొరికిందంటే జోడీగా పరిపూర్ణ సంఖ్య కూడా చేతికొచ్చినట్టే.

మారిన్ మెర్సెన్ ఫ్రాన్సులో ఉండే క్రైస్తవ సన్యాసి. ఐరోపాలోని పండితులందరితో ఉత్తరాలు నడిపేవాడు. 1644లో అచ్చయిన పుస్తకంలో ఆయన ఓ జాబితా ఇచ్చాడు. 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257... ఇన్ని రెండ్లు హెచ్చవేసి 1 తీస్తేనే ప్రధాన సంఖ్య వస్తుందనీ, 257 వరకూ ఇంకేవీ లేవనీ ప్రకటించాడు. ఎలా తేల్చాడో మాత్రం చెప్పలేదు. ఈయన అంతంత పెద్ద సంఖ్యల్ని భాగించి చూసి ఉండడని సాటివాళ్లకూ తెలుసు. అయినా కాదని నిరూపించడం ఎవరి తరమూ కాలేదు. ఆ జాబితాను పూర్తిగా సరిచూసేసరికి 1947 వచ్చింది. తేలిందేంటంటే... అందులో ఐదు తప్పులు. 67, 257 ఉండకూడదు. 61, 89, 107 ఉండాల్సింది, లేవు. 61 రాయబోయి 67 రాశాడేమోనని ఇప్పటికీ కొందరు ఆయన్ని వెనకేసుకొస్తారు. తప్పుల జాబితా ఇచ్చినా ఆ సంఖ్యలకు ఆయన పేరే స్థిరపడింది. మెర్సెన్ సంఖ్యలనే అంటారు వాటిని.

పగులుతుందని తెలుసు... ఎక్కడో తెలీదు

1876లో ఎడ్వర్డ్ లూకాస్ అనే ఫ్రెంచి గణితవేత్త 2⁶⁷ – 1 ప్రధాన సంఖ్య కాదని తేల్చేశాడు. (కాశీలోని ఓ గుళ్లో పూజారులు 64 బంగారు బిళ్లల్ని ఒక కమ్మీ నుంచి ఇంకో కమ్మీకి మారుస్తుంటారనీ, ఆ పని పూర్తయ్యేసరికి లోకం అంతమైపోతుందనీ చెప్పే 'టవర్ ఆఫ్ హనోయ్' ఆట ఈయన సృష్టే. అందులో చేయాల్సిన కదలికలెన్నో తెలుసా... సరిగ్గా మల్లన చదరంగం సంఖ్య!)

అసలు విచిత్రం ఇక్కడుంది. ప్రధానం కాదని తేల్చాడు గానీ దాన్ని భాగించే సంఖ్య ఒక్కటీ చూపలేదు. చూపకుండా ఎలా తేల్చాడు? అదో పరీక్ష. లూకాస్ వేసిన దారిని 1930లో డెరిక్ లేమర్ చక్కబరిచాడు. ఆ రూపంలో అయితే స్కూలు పిల్లలు కూడా చేయొచ్చు. 127 ప్రధానమో కాదో చూద్దాం. అది ఏడు రెండ్లు హెచ్చవేసి 1 తీస్తే వచ్చేది. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసేయండి. 14 వచ్చింది. మళ్లీ అదే పని చేస్తే 194. 127 దాటింది కాబట్టి 127తో భాగించి శేషం ఉంచుకుంటే 67. మన 67 ఇక్కడ తగలడం ఉత్త కాకతాళీయమే, ఖంగారు పడకండి. మళ్లీ వర్గం, 2 తీసివేత, శేషం... 42. ఆ తర్వాత 111. ఆ తర్వాత సున్నా! ఏడు రెండ్లు కాబట్టి రెండు తగ్గించి ఐదుసార్లు చేయాలి. ఐదోసారికి సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. అంతే.

2⁶⁷ – 1కి ఇదే పని 65 సార్లు చేయాలి. చివర్లో సున్నా రాదు. కాబట్టి అది ప్రధానం కాదు. ఎక్కడో రెండుగా పగులుతుంది. ఎక్కడ పగులుతుందని అడిగితే మాత్రం ఈ పరీక్ష పెదవి విప్పదు. పెట్టెలో ఏదో ఉందని ఊపి చూసి చెప్పగలిగాం, తెరిచే తాళంచెవి మాత్రం దొరకలేదు. ఆ తాళంచెవి కోసం పట్టిన కాలం 1876 నుంచి 1903 దాకా.

156 ఆదివారాల లెక్క

మూడేళ్లంటే సుమారు 156 ఆదివారాలు. వరసపెట్టి భాగించుకుంటూ పోతే సరిపోయేవా? ఓ లెక్క వేద్దాం.

2⁶⁷ – 1ను ఏ ప్రధాన సంఖ్య భాగించినా దాన్ని 134తో భాగిస్తే 1 మిగలాలి. (134 అంటే రెండు 67లు. ఇందాకటి 2047ని చూడండి. రెండు పదకొండ్లు 22. 23నూ 89నీ 22తో భాగిస్తే 1 మిగులుతుంది.) అంతేకాదు, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. ఈ రెండు జల్లెడలూ పట్టాక కూడా, కోల్ కనిపెట్టిన చిన్న కారణాంకం 19 కోట్ల 37 లక్షల 7 వేల 721 వరకూ మిగిలే ప్రధాన సంఖ్యలు రమారమి 80 వేలుంటాయి. ఆదివారానికి అయిదొందలకు పైగా భాగహారాలన్నమాట. ప్రతి భాగహారం 21 అంకెల సంఖ్యతో. క్యాలిక్యులేటర్ లేదు. పైగా ఎంతవరకు వెళ్తే దొరుకుతుందో ముందుగా తెలీదు!

కోల్ ఆ దారిన పోలేదు. వర్గాలను భాగిస్తే మిగిలే శేషాలను పట్టుకుని, కారణాంకం ఎక్కడెక్కడ ఉండటానికి వీల్లేదో ముందు తోసిపుచ్చుకుంటూ వచ్చారు. వెతకాల్సిన చోటు తగ్గుతూ తగ్గుతూ చివరికి ఒక సంఖ్య మిగిలింది. దాన్ని 134తో భాగిస్తే 14,45,580 సార్లు పోయి 1 మిగులుతుంది. ఆ ఆదివారం ఆయన ఇంట్లో ఎలా గడిచిందో బెల్ కూడా రాయలేదు.

ఆయన పేరు మీద అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ 1928 నుంచి కోల్ ప్రైజు ఇస్తోంది. భారతీయ మూలాలున్న మంజుల్ భార్గవ 2008లో, మన ముంబైలో పుట్టిన చంద్రశేఖర్ ఖరే 2011లో ఆ బహుమతి అందుకున్నారు.

మా ఇంటి బల్ల మీద...

గుణకారం నేనూ చేసి చూశాను. మా అమ్మాయి లెక్కల నోటుబుక్కులోంచి నాలుగు కాగితాలు చింపుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. పన్నెండంకెల సంఖ్య పైన, తొమ్మిదంకెలది కింద. కింది సంఖ్యలో ఒక సున్నా ఉంది కాబట్టి ఎనిమిది వరసలే. 7 మూడుసార్లుంది కాబట్టి ఒకసారి చేసి మిగతా రెండుసార్లూ ఎక్కించుకోవచ్చు. 1 రెండుసార్లుంది, దానికి గుణకారమే అక్కర్లేదు. తేలికే అనుకున్నా. నలభై నిమిషాలు పట్టింది. చివరికి కోల్ గారి సంఖ్యా నా సంఖ్యా కలవలేదు!

మా నాన్న కోఆపరేటివ్ బ్యాంకులో ముప్పై ఏళ్లు లెడ్జర్లు రాశారు. పక్కన కూర్చుని పేపరు చదువుకుంటున్న మనిషి కళ్లద్దాలు సర్దుకుని, "అంకెలు కూడి చూడరా, తొమ్మిదులు తీసేసి" అన్నారు.

చేశాను. 19,37,07,721లో అంకెలన్నీ కూడితే 37. మళ్లీ కూడితే 10. మళ్లీ కూడితే 1. రెండో సంఖ్యలో అంకెలు కూడితే 64... 10... 1. ఒకటిని ఒకటితో గుణిస్తే 1. కాబట్టి జవాబులో అంకెలు కూడినా చివరికి 1 రావాలి. కోల్ సంఖ్యలో కూడాను. 109... 10... 1. సరిపోయింది. నా జవాబులో కూడితే 9 వచ్చింది.

"ఒకటి తక్కువైంది కదా. చేతిలో ఉన్న ఒకటి ఎక్కడో వదిలేశావు. గుణకారంలో కాదు, చివరి కూడికలో చూడు" అన్నారు నాన్న, కాగితం వైపైనా చూడకుండా. నిజంగా అక్కడే ఉంది! ఎడమ నుంచి ఎనిమిదో నిలువు వరసలో. ఈ తొమ్మిదుల పరీక్షతో జవాబు తప్పని గ్యారంటీగా చెప్పొచ్చు, ఒప్పని మాత్రం చెప్పలేం. అంకెలు తారుమారైనా కూడిక మారదు కదా. "అందుకే మేం సాయంత్రం లెడ్జరు రెండుసార్లు కూడేవాళ్లం" అన్నారాయన.

మూడేళ్లలో దొరికినదాన్ని నలభై నిమిషాల్లో ఎవరైనా సరిచూడొచ్చు. సుద్దముక్క పెట్టేసి కోల్ మాట్లాడకుండా కూర్చోగలిగారంటే కారణం అదే.

సంఖ్య జాతకం

ఏ సంఖ్య చేతికొచ్చినా దాని కులగోత్రాలు విచారించడం లెక్కలవాళ్లకు అలవాటు. 2⁶⁷ – 1 బేసి సంఖ్య. చివర 7 ఉంది కాబట్టి 5తో పోదు. అంకెల మొత్తం 109 కాబట్టి 3తోనూ పోదు. ఒకటి విడిచి ఒకటి అంకెల్ని కూడితే 63, మిగతావి కూడితే 46. తేడా 17 కాబట్టి 11తోనూ పోదు. సంయుక్త సంఖ్యే అయినా అచ్చంగా రెండే ప్రధాన సంఖ్యల గుణకారం. కారణాంకాలు మొత్తం నాలుగు... 1, కోల్ గారి రెండు, తను.

తనను మినహాయించి మిగతా మూడూ కూడితే 76,203 కోట్ల 19 లక్షల 65 వేల 9. సొంత విలువ ముందు అది సముద్రంలో కాకి రెట్టంత. మొత్తం ఇలా తక్కువొస్తే లోటు సంఖ్య, ఎక్కువొస్తే మిగులు సంఖ్య, సరిపోతే పరిపూర్ణ సంఖ్య. మెర్సెన్ మాట నిజమైతే దీన్నుంచి ఓ పరిపూర్ణ సంఖ్య పుట్టాల్సింది. కోల్ గుణకారంతో కాదు, అంతకుముందే లూకాస్ పరీక్షతోనే ఆ ఆశ పోయింది.

8తో భాగిస్తే 7 మిగులుతుంది. అలాంటి సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయలేం, మూడు వర్గాలకూ లొంగదు, నాలుగు కావాలి. కంప్యూటర్ భాషలో, అంటే సున్నాలూ ఒకట్లతో రాస్తే మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. వరసగా 67 ఒకట్లు! అటునుంచి చదివినా ఇటునుంచి చదివినా ఒకటే.

ఈ ఒకట్ల వరసలు మనకు తెలీకుండా నిత్యం తగులుతూనే ఉంటాయి. 31 ఒకట్ల సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ఇది ప్రధాన సంఖ్యేనని ఆయిలర్ 1772లో నిరూపించాడు. 'గంగ్నమ్ స్టైల్' పాట యూట్యూబ్‌లో అన్నిసార్లు దాటి ఆడేసరికి అక్కడి లెక్క మీటరు చాలక, 2014లో దాన్ని పెంచాల్సొచ్చింది. రెండొందల యాభై ఏళ్ల నాటి ఆయిలర్ సంఖ్య కొరియా పాటకు గీత గీసిందన్నమాట!

బ్యాంకు తాళం

కోల్ చేసిన పని ఇప్పుడు మామూలు కంప్యూటర్‌కు రెప్పపాటు. అలాగని సమస్య తీరిపోలేదు. అంకెలు పెరిగేకొద్దీ కంప్యూటర్‌కూ కోల్ ఆదివారాలే ఎదురవుతాయి. గుణించడం తేలిక, విడగొట్టడం గగనం. ఈ తేడానే తాళంగా మార్చారు రివెస్ట్, షమీర్, ఎడిల్‌మాన్ అనే ముగ్గురు. 1977లో. రెండు భారీ ప్రధాన సంఖ్యల్ని గుణించి, వచ్చినదాన్ని అందరికీ చూపించొచ్చు. ఆ రెండూ ఏవో తెలిసినవాడే తాళం తీయగలడు. ఆర్ఎస్ఏ అనే ఈ తాళం పద్ధతి ఇంటర్నెట్‌లో డబ్బు లావాదేవీలకు దశాబ్దాలుగా కాపలా కాస్తోంది. అందులో వాడే సంఖ్యలకు 617 అంకెలుండటం మామూలు.

ఆ ముగ్గురూ 1977లోనే 129 అంకెల సంఖ్య ఒకటి పత్రికలో ఇచ్చి, విడగొడితే వంద డాలర్లిస్తామన్నారు. 1994లో దాదాపు 600 మంది వలంటీర్లు ఇంటర్నెట్‌లో కంప్యూటర్లు కలిపి దాన్ని పగలగొట్టారు. 2020లో 250 అంకెలది లొంగింది. ఒకే ఒక్క ప్రాసెసర్ కోర్‌తో చేయిస్తే ఆ పనికి 2,700 ఏళ్లు పట్టేది! క్వాంటమ్ కంప్యూటర్ పెద్ద ఎత్తున తయారైతే ఈ తాళం తీసేయొచ్చని పీటర్ షోర్ 1994లోనే చూపించాడు. అందుకే ఆ దెబ్బకు తట్టుకునే కొత్త తాళాలకు అమెరికా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టులో ఆమోదముద్ర వేసింది.

నాన్నకు ఇదంతా చెబితే, "ఒకసారి ప్రధానమా కాదా చూస్తే చాలదా?" అన్నారు. చాలదు. ఆ ముక్క చెప్పింది మనవాళ్లే. ఏ సంఖ్యనిచ్చినా అది ప్రధానమో కాదో తడబాటు లేకుండా, వేగంగా తేల్చే పద్ధతిని 2002లో కాన్పూర్ ఐఐటీలో కనిపెట్టారు. ప్రొఫెసర్ మణీంద్ర అగ్రవాల్, ఆ ఏడాదే బీటెక్ పూర్తిచేసిన నీరజ్ కాయల్, నితిన్ సక్సేనా. అప్పట్లో ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. బ్యాంకు తాళాలు ఊడిపోతాయేమోనని కొందరు హడలిపోయారు కూడా. ఊడలేదు. ఎందుకంటే అది కూడా లూకాస్ పరీక్ష లాంటిదే. పగులుతుందో లేదో చెబుతుంది. ఎక్కడ పగులుతుందో చెప్పదు.

ఇంకొకటి ఉంది

మెర్సెన్ సంఖ్యల వేట ఇప్పటికీ నడుస్తోంది. 1996లో జార్జ్ వోల్ట్‌మాన్ మొదలుపెట్టిన 'గింప్స్' ప్రాజెక్టులో ఎవరైనా తమ కంప్యూటర్‌ను చేర్చొచ్చు. 2024 అక్టోబరులో 52వ మెర్సెన్ ప్రధాన సంఖ్య అలాగే దొరికింది. 13 కోట్ల 62 లక్షల 79 వేల 841 రెండ్లను హెచ్చవేసి 1 తీయాలి. మొత్తం 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలు. అది ప్రధానం అని తెలిసింది కాబట్టి దాంతో పేచీ లేదు.

పేచీ అంతా 2¹²⁷⁷ – 1తో. అంకెలు 385 మాత్రమే. పరీక్ష ఎప్పుడో అయిపోయింది... ప్రధానం కాదు. కానీ ఇది రాసే నాటికి దాన్ని భాగించే సంఖ్య ఒక్కటీ ఎవరికీ దొరకలేదు. 1876కీ 1903కీ మధ్య కోల్ సంఖ్య ఎలా ఉందో ఇదిప్పుడు అలా ఉంది. దాని ప్రధాన కారణాంకం ఏదైనా సరే, 2554తో భాగిస్తే 1 మిగలాలి. అది మాత్రం ఖాయం.

ఈ సంగతి నాన్నకు చెప్పడం నాదే తప్పు. నేను వదిలేసిన కాగితాలు తిప్పి వెనక్కి రాయడం మొదలుపెట్టారు. మొదటిది 2555, చివర 5 ఉంది కాబట్టి ప్రధానం కాదు, కొట్టేశారు. రెండోది 5109, మూడుతో పోయింది. మూడోది 7663 కాసేపు ఏడిపించింది గానీ 79 తొంభై ఏళ్లుగా... అదే, 79 తొంభై ఏడులు! నాలుగోది 10,217ను 17 భాగించింది. ఐదోది మూడుతో, ఆరోది ఐదుతో పోయాయి. ఏడోది 17,879. పందొమ్మిదో ఎక్కం దగ్గర దొరికిపోయింది. మా అమ్మాయి తెచ్చిపెట్టిన టీ చల్లారిపోయింది. "తాతయ్యా, ఇంకెన్ని?" అంటే, "ఎనిమిదోది చూస్తున్నానుండు" అన్నారు.